నియోజకవర్గంలో నియోజకులు

పండగ వచ్చిందంటే ఊరి సెంటర్లో ఫ్లెక్సీలు లేస్తాయి. సంక్రాంతికీ ఉగాదికీ రంజానుకీ క్రిస్మసుకీ అవే ముఖాలు, అదే వాక్యం: ఫలానా నియోజకవర్గ ప్రజలకు శుభాకాంక్షలు. ఈ వాక్యాన్ని ఎవరూ ఆగి చదవరు. ఆగి చదివితే అందులో జనం రెండుసార్లు కనిపిస్తారు. నియోజకులంటే నియమించేవాళ్ళు. వర్గమంటే గుంపు. ఒక మనిషిని సభకు నియమించి పంపే జనసమూహమే నియోజకవర్గం. ఆ జనానికి మళ్ళీ 'ప్రజలు' అని తోక తగిలించామంటే, మొదటి మాటలో ఉన్న మనుషుల్ని ఎప్పుడో మరిచిపోయి, దాన్ని నేలకు పేరుగా వాడేసుకుంటున్నామన్నమాట.

వాడుకంతా ఇదే తీరు. మంత్రిగారు నియోజకవర్గంలో పర్యటిస్తారు. నియోజకవర్గానికి డిగ్రీ కాలేజీ మంజూరవుతుంది. ఎండాకాలం వస్తే నియోజకవర్గంలో తాగునీటికి కటకట. ఓట్లు లెక్కపెట్టే రోజు టీవీల్లో నియోజకవర్గాలు రంగులు మారతాయి. మాట్లాడేటప్పుడు ఇంత పొడుగు మాట నోరు తిరగదు గనక సెగ్మెంట్ అంటాం, సీటు అంటాం, హైదరాబాదు ఉర్దూలో అయితే హల్కా అంటాం. సెగ్మెంటంటే ముక్క, సీటంటే కుర్చీ, హల్కా అంటే చుట్టుగీత. ఈ మూడింటిలోనూ మనుషులు లేరు. ఉన్నది ఆ పొడుగాటి మాటలోనే. అందుకే ఆ మాటంటే నాకు ఇష్టం. దాన్ని మనం వాడే తీరు చూస్తే బాధ.

పక్క భాషల వాళ్ళు ఏం చేశారో చూడండి. హిందీలో నిర్వాచన క్షేత్రం, కన్నడంలో విధానసభా క్షేత్రం. క్షేత్రమంటే పొలం. మలయాళం మనలాగే 'నియోజక' అని మొదలుపెట్టి 'మండలం' అని ముగించింది. ముందు సగం మనుషులు, వెనక సగం నేల. తమిళులు తొగుది అంటారు, ఒకచోట కూర్చిన రాశి అని. ఏం కూర్చారో ఆ మాట చెప్పదు. మనకు దగ్గరగా వచ్చేది మరాఠీ: మతదార్ సంఘ్, ఓటర్ల సంఘం. ఇంగ్లీషులో కాన్‌స్టిట్యుయెన్సీ కూడా మొదట ఓటర్ల సమూహానికే చెప్పి, తర్వాత వాళ్ళుండే చోటు మీదికి జారిన మాటే. కాబట్టి ఈ జారడం మనొక్కళ్ళకే కాదు. అయినా ఏమీ పోలేదని మాత్రం నేననలేను. ఏం పోయిందో గోదావరి ఎడమగట్టున భద్రాచలం చెబుతుంది. అక్కడికి వెళ్ళేముందు మాటను ఇంకొంచెం విప్పాలి.

యుజ్ అనే ధాతువుకు కలపడం, పూన్చడం అని అర్థం. బండికి ఎద్దుల్ని పూన్చే పని అది. కాడికి సంస్కృతంలో యుగమనే పేరు దానినుంచే వచ్చింది. యోగం, ఉద్యోగం, ప్రయోగం, వినియోగం అన్నీ ఆ కాడి కిందివే. ముందు 'ని' చేరితే ఒకరిని ఒక పనిలో పెట్టడం, పురమాయించడం. రాజుల కొలువులో పనికి పెట్టుకున్నవాడు నియోగి. ఆ పేరు మన దగ్గర ఒక శాఖకే నిలిచిపోయింది. ఇక నియోజకుడిలో చివరనున్న 'అక' కర్తను చెప్పే ప్రత్యయం. గాయకుడు పాడతాడు, లేఖకుడు రాస్తాడు, నియోజకుడు పురమాయిస్తాడు. పురమాయించబడినవాడు నియుక్తుడు. ఓటరు నియోజకుడు, ఎమ్మెల్యే నియుక్తుడు. వ్యాకరణం ఇందులో ఏ అనుమానానికీ చోటివ్వలేదు. అనుమానమంతా మన వాడుక తెచ్చింది: ఫలానా నియోజకవర్గం ఫలానావారి కంచుకోట అని రాస్తాం, ఇరవై ఏళ్ళుగా ఆయనే ఏలుతున్నారని రాస్తాం. పురమాయించినవాళ్ళు కోట లోపల ప్రజలయ్యారు, పురమాయించబడినవాడు కోటకు దొర అయ్యాడు.

వర్గం కథ వేరు. వృజ్ ధాతువుకు మళ్ళించడం, వేరుచేయడం అని అర్థం. ఒక లక్షణాన్ని బట్టి మిగతావాటినుంచి విడదీసి ఒకచోట పెట్టినది వర్గం. బడిలో మొదట నేర్చుకున్న వర్గం క, ఖ, గ, ఘ, ఙ. అమరకోశంలో మందుమొక్కలకు ఒక వర్గం, సింహాదులకు ఒక వర్గం. తర్వాత ఈ మాట రాజకీయాల్లోకి వచ్చింది. వర్గపోరాటమంటే ఒకటి, వర్గపోరు అంటే మరొకటి. మొదటిది కమ్యూనిస్టులది, రెండోది ఒకే పార్టీలో ఇద్దరు నాయకుల మధ్యది. కులమని పైకి అనలేనిచోట పత్రికలు 'సామాజిక వర్గం' అంటున్నాయి. ఇన్ని రకాలుగా వాడినా ధాతువు స్వభావం మాత్రం పోలేదు. వర్గం అన్నచోటల్లా ఎవరినో ఎవరినుంచో విడదీశారన్నమాటే.

నియోజకవర్గానికీ ఆ స్వభావం మొదట్లో పూర్తిగా ఉండేది. 1909 చట్టంతో ముస్లింలకు వేరు నియోజకవర్గాలు, భూస్వాములకు వేరు, విశ్వవిద్యాలయాలకు వేరు, వర్తక మండళ్ళకు వేరు. 1919 చట్టం ఆ జాబితాను పెంచింది, 1935 చట్టం ఇంకా పెంచింది. అప్పటికి నియోజకవర్గమంటే గీత గీసిన నేల మాత్రమే కాదు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళవాళ్ళు వేర్వేరు నియోజకవర్గాలకు చెందేవాళ్ళు. ఈ ఇంటాయన ముస్లిం స్థానానికి ఓటేస్తే ఆ ఇంటాయన జనరల్ స్థానానికి వేసేవాడు. 1937లో ఎన్నికైన మద్రాసు శాసనసభలో 215 స్థానాలు. జనరల్ 146, అందులో 30 షెడ్యూల్డు కులాలవి. ముస్లింలకు 28. స్త్రీలకు 8, భారతీయ క్రైస్తవులకు 8, జమీందార్లకు 6, వర్తకులకు 6, కార్మికులకు 6, యూరోపియన్లకు 3, ఆంగ్లో ఇండియన్లకు 2, విశ్వవిద్యాలయానికి 1. వెనుకబడిన ప్రాంతాలు, తెగల పేర కూడా 1. విశాఖ కొండలు, గోదావరి ఏజెన్సీ, నీలగిరులు అన్నీ ఉన్న మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తానికి ఆ ఒక్క కుర్చీ. ఆరుగురు జమీందార్ల పక్కన వేసిన ఆ ఒక్క కుర్చీని గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను. కొండల్లో నియోజకవర్గం కథ అక్కడ మొదలవుతుంది.

ఆ పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. శాసనమండలి ఎన్నికలు వచ్చినప్పుడు పట్టభద్రుల నియోజకవర్గం, ఉపాధ్యాయుల నియోజకవర్గం, స్థానిక సంస్థల నియోజకవర్గం అంటాం కదా, అక్కడ మాట తన మొదటి అర్థంలోనే నిలబడింది. వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల నియోజకవర్గమంటే ఆ మూడు జిల్లాల నేల కాదు. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు దాటి, అడిగి పేరు రాయించుకున్నవాళ్ళ జాబితా. జాబితాలో పేరు లేకపోతే ఆ నేల మీదే పుట్టి పెరిగినా మీరు అందులో లేనట్టే.

రాజ్యాంగం వచ్చాక వేరు ఓటర్ల జాబితాలు పోయాయి. ఒక చోట ఉండేవాళ్ళందరికీ ఒకే జాబితా. అది చాలా గొప్ప మార్పు, అందులో నాకు సందేహమేమీ లేదు. అప్పటినుంచి నియోజకవర్గానికి హద్దులు నేల మీదే గీయాల్సి వచ్చింది, అర్థం నేల వైపు ఒరిగింది. కానీ వర్గాన్ని నేల చేయడం ఒక్కరోజులో జరగలేదు. మధ్యలో పదేళ్ళు ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. ఒకే ప్రాంతం, ఇద్దరు సభ్యులు, ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. ఇద్దరిలో ఒకరు షెడ్యూల్డు కులంవారో తెగవారో కావాలి. 

1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం అలాంటిది. ఒక స్థానం గిరిజనులకు కేటాయించినది, రెండోది జనరల్. పోటీలో ఉన్న పెద్ద పేరు వి.వి.గిరి, అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసినవారు, తర్వాత రాష్ట్రపతి అయినవారు. ఓట్లు లెక్కపెడితే ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే: బి. సత్యనారాయణ దొర, డిప్పల సూరిదొర. చట్టం ప్రకారం ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడికి రిజర్వుడు స్థానమిచ్చి, మిగిలినవాళ్ళలో పై ఓట్లు వచ్చిన సూరిదొరకు జనరల్ స్థానమిచ్చారు. గిరి 565 ఓట్లతో ఓడిపోయారు. కోర్టుకు వెళ్ళారు. రిజర్వుడు స్థానానికి నిలబడ్డ మనిషి జనరల్ స్థానం ఎలా తీసుకుంటాడని ఒక వాదన. సూరిదొర క్షత్రియుడిగా చెప్పుకుంటున్నాడు, ఇంక గిరిజనుడు కాడని ఇంకొకటి. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెండింటినీ తోసిపుచ్చింది. రిజర్వేషను కింది మెట్టు మాత్రమే, పై కప్పు కాదు. తెగవాడైనంత మాత్రాన అందరి స్థానానికి అనర్హుడు కాడు.

నాకు ఈ కేసులో ఎన్నికల చట్టం కన్నా ఆ 565 ముఖ్యం. ఇరవై ఏళ్ళ కింద రాజధాని మొత్తానికి ఒక్క కుర్చీ ఉన్న జనం, ఓటు చేతికొచ్చిన రెండో ఎన్నికకే రెండు కుర్చీలూ గెలుచుకున్నారు. నియోజకులన్న మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ నేను చూడలేదు. 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది, ఒక్కో నియోజకవర్గానికి ఒక్కరే. ప్రాంతం మరీ పెద్దదవుతోంది, ఖర్చు పెరుగుతోంది అన్న కారణాలు నిజమైనవే. కానీ ఆ రోజునుంచి మనుషులకున్న గుర్తు నేలకు అంటింది. అభ్యర్థి రిజర్వుడు కావడం పోయి నియోజకవర్గమే రిజర్వుడయింది. 'మాది ఎస్టీ సెగ్మెంట్' అని ఒక ఊరివాళ్ళు తమ ఊరి గురించి చెప్పుకోవడం అప్పుడు మొదలయింది.

ఇక భద్రాచలం. పాలించేవాళ్ళు ఆ ఎడమగట్టును ఎన్నిసార్లు చేతులు మార్చారో చూడండి. 1860 వరకు నిజాముది. ఆ ఏడాది ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ళకు, మొదట మధ్యపరగణాలలోకి. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు. రాష్ట్రం ఏర్పడ్డాక 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరినుంచి ఖమ్మం జిల్లాకు. కోయలు, కొండరెడ్లు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు, పైన చిరునామా మారుతూ పోయింది. 1967నుంచి భద్రాచలం పేర ఒక లోక్‌సభ నియోజకవర్గం ఉండేది. 2008 పునర్విభజనలో అది పోయింది. దాని ప్రాంతంలో ఎక్కువ భాగం మహబూబాబాద్, అరకు అనే రెండు పేర్ల కిందికి వెళ్ళింది. అరకు లోక్‌సభ నియోజకవర్గాన్ని పటం మీద చూస్తే ఇక్కడ రంపచోడవరం నుంచి అక్కడ పాలకొండ దాకా కొండల వెంబడి సాగుతుంది. అప్పటి నాలుగు జిల్లాలు దాటుతుంది. పార్వతీపురం కూడా ఇప్పుడు అందులోదే.

శాసనసభ నియోజకవర్గంగా భద్రాచలం మిగిలింది. 2008 ఉత్తర్వు అనుబంధంలో ఉమ్మడి రాష్ట్రపు 294 నియోజకవర్గాలకు వరుస నంబర్లు ఇచ్చారు. ఒకటి సిర్పూర్, 119 భద్రాచలం, 120 ఇచ్ఛాపురం. ఆరేళ్ళ తర్వాత రాష్ట్రం విడిపోయినప్పుడు సరిగ్గా ఆ 119 మీదే గీత పడింది. ఉత్తర్వులో 119 ఎదురుగా పేరు, పక్కన ఎస్టీ అని గుర్తు, దాని పక్క గడిలో విస్తీర్ణం: వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు. అంతే. ఎనిమిది మండలాల పేర్లు, ఒక చుక్క. ఇది నేల కాగితం. దీనికి జోడీగా మనుషుల కాగితం ఇంకొకటుంది, ఓటర్ల జాబితా. అందులో భాగం నంబరు, వరుస నంబరు, పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, వయసు, ఫొటో. ఈ రెండు కాగితాలూ కలిస్తేనే నియోజకవర్గం. మామూలు రోజుల్లో అవి విడిపోవు గనక ఏది అసలో అడగాల్సిన పని పడదు.

2014లో విడిపోయాయి. ఏప్రిల్ 30న ఎనిమిది మండలాల వాళ్ళూ ఓటేసి సీపీఎం తరఫున సున్నం రాజయ్యను ఎన్నుకున్నారు. మే 29న ఆర్డినెన్సు వచ్చింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కోసం భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, ఇంకా కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు. జూన్ 2న రెండు రాష్ట్రాలు. జూలైలో ఆర్డినెన్సు చట్టమైంది. అప్పటినుంచి ఆ మండలాలకు జనంలో ఒక పేరు నిలిచింది: విలీన మండలాలు.

విలీనమైంది నేల. నియోజకవర్గం అక్కడే ఉండిపోయింది. కూనవరంలో ఒక రైతు ఏప్రిల్లో ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యే తెలంగాణ శాసనసభలో కూర్చున్నారు. ఆ రైతుకు రేషను కార్డు, పట్టా, నష్టపరిహారం ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఆ ప్రభుత్వాన్ని అడిగే శాసనసభలో ఆయన ఓటుతో గెలిచినవారు ఒక్కరూ లేరు. పోలవరం లాంటి ప్రాజెక్టు కింద ఊరు పోతున్న రోజుల్లో, అడగాల్సిన ప్రశ్నలు పుట్టెడు ఉన్న రోజుల్లో, ఐదేళ్ళు ఇలా గడిచాయి. రాజయ్య సొంతూరు సున్నంవారిగూడెం వరరామచంద్రాపురం మండలంలోదే. ఎమ్మెల్యే ఇల్లు ఒక రాష్ట్రంలో, సభ్యత్వం ఇంకో రాష్ట్రంలో. కుంజా బొజ్జి మూడుసార్లు, ఆయన తర్వాత రాజయ్య మూడుసార్లు గెలిచిన నియోజకవర్గం అది. ఆటోల్లో, బస్సుల్లో తిరిగే ఎమ్మెల్యేగా రాజయ్యకు రెండు రాష్ట్రాల్లోనూ పేరుండేది. ఆ పేరు కూడా ఆయన ఊరివాళ్ళకు సభలో గొంతునివ్వలేకపోయింది.

2018లో తెలంగాణ ఎన్నికల ముందు నియోజకవర్గాల హద్దుల్లో సవరణ జరిగింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, భద్రాచలం మండలం నుంచి విడివడిన ఎటపాక మండలాలు రంపచోడవరంలో, కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలో కలిశాయి. 2019 ఏప్రిల్లో వాళ్ళు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటిసారి ఓటేశారు. ఆ ఎన్నికల్లో రాజయ్య రంపచోడవరంనుంచి పోటీ చేసి ఓడిపోయారు. ఆయన అటు ఎందుకు వెళ్ళారంటే నాకు ఒకటే జవాబు తోస్తుంది: నియోజకవర్గాన్ని ఆయన మొదటి అర్థంలో తీసుకున్నారు. భద్రాచలమనే పేరు తెలంగాణలో మిగిలింది, తనను పంపిన జనంలో చాలామంది గోదావరికి దిగువన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. ఆయన ఆ జనం వైపు నడిచారు. 2020 ఆగస్టులో కరోనాతో కన్నుమూశారు.

ఆ ఐదేళ్ళు ఆయన ఎవరికి ప్రతినిధి? ఈ మాటనూ కొంచెం చూడాలి. ప్రతి, ని, ధా. ఒకదాని బదులు పెట్టినది ప్రతినిధి. మీమాంసాశాస్త్రంలో దీని మీద పెద్ద చర్చే ఉంది, జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదంలో. యాగానికి చెప్పిన ద్రవ్యం దొరక్కపోతే ఏం చేయాలి? వడ్లు లేకపోతే అడవివడ్లు, సోమలత దొరక్కపోతే పూతీకలు. అవి ప్రతినిధులు. అన్నిటికీ ఇలా కుదరదు. దేవతకు బదులు ఇంకో దేవత పనికిరాదు, మంత్రానికి బదులు ఇంకో మంత్రం పనికిరాదు. యాగం చేయించే యజమానికి బదులు ఇంకో మనిషి అసలే పనికిరాడు. ఒక్కచోట మాత్రం మినహాయింపు. సత్రమనే యాగంలో యజమానులు చాలామంది, అందరూ కలిసి చేసేది. మధ్యలో ఒకరు పోతే పని ఆగకుండా ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. అలా వచ్చినవాడు యజమాని అవుతాడా? కాడు, పని చేసేవాడు మాత్రమే. ఫలం అతనిది కాదు. కానీ యజమాని పాటించాల్సిన నియమాలన్నీ అతనూ పాటించాలి.

ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు శాసనసభే గుర్తొస్తుంది. చాలామంది యజమానులున్నచోటే ప్రతినిధి కుదురుతాడు. వచ్చినవాడికి ఫలం లేదు, నియమం ఉంది. మన పత్రికల్లో ప్రజాప్రతినిధి అన్న మాట రోజూ అచ్చవుతుంది, 1950, 1951 చట్టాల పేరే ప్రజాప్రాతినిధ్య చట్టం. ఆ మాటలో ఇంత బరువు ఉందని తెలిసి రాస్తే బాగుండును. రాజయ్య విషయంలో నియమం పాటించే మనిషి ఉన్నాడు, యజమానులూ ఉన్నారు, ఇద్దరికీ మధ్య రాష్ట్ర సరిహద్దు ఉంది. శాస్త్రకారులకు ఇలాంటి సందేహం రాలేదు.

నియోజకవర్గాల హద్దులు తిరగరాయడాన్ని హిందీవాళ్ళు పరిసీమన్ అంటారు, హద్దులు గీయడమని. మనం పునర్విభజన అంటాం, మళ్ళీ విడగొట్టడమని. మన మాటే నిజానికి దగ్గర. 1952, 1962, 1972, 2002 చట్టాల కింద నాలుగు కమిషన్లు ఈ పని చేశాయి. వాళ్ళ ఉత్తర్వును ఏ కోర్టులోనూ సవాలు చేయకూడదని రాజ్యాంగం 329వ అధికరణం. సలహాకు ఎంపీలు, ఎమ్మెల్యేలు సహసభ్యులుగా కూర్చుంటారు, వాళ్ళకు ఓటు లేదు. 1976లో 42వ సవరణ 1971 జనాభా లెక్కల దగ్గర సీట్ల సంఖ్యను కట్టేసింది. 84వ సవరణ ఆ కట్టును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. 2002 కమిషను జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన సీట్ల సంఖ్య ముట్టుకోకుండా 2001 లెక్కలతో లోపలి హద్దులే మార్చింది. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షను ఆంధ్రప్రదేశ్‌కు 175 బదులు 225, తెలంగాణకు 119 బదులు 153 అని రాసింది. ఆ పెంపు పదేళ్ళు దాటినా కాగితం మీదే ఉంది.

ఈలోగా జనం ఆగరు కదా. 2023 తెలంగాణ ఎన్నికలప్పుడు శేరిలింగంపల్లిలో ఓటర్లు ఏడు లక్షలు దాటారు. అదే ఎన్నికల్లో రాష్ట్రంలోకెల్లా చిన్న నియోజకవర్గం భద్రాచలం, లక్షన్నర లోపు. ఐటీ కంపెనీల చుట్టూ వచ్చి చేరినవాళ్ళు అక్కడ, మండలాలు కోసేసిన ఖాళీ ఇక్కడ. ఇద్దరికీ సభలో ఒక్కో కుర్చీయే. లెక్క సరిచేయాలని ఎవరైనా అంటారు, న్యాయమే. కానీ సరిచేసేటప్పుడు భద్రాచలం చిన్నది కాబట్టి ఇంకో దానిలో కలిపేద్దామంటే, అది ఎందుకు చిన్నదయిందో ముందు చెప్పి ఆ తర్వాత కలపాలి.

అంతకన్నా పెద్ద చిక్కు నది దిగువన ఉంది. పోలవరం ముంపు ఊళ్ళనుంచి కుటుంబాలు పునరావాస కాలనీలకు కదిలాయి, ఇంకా కదలాల్సినవాళ్ళున్నారు. దేవీపట్నం మండలంలో కొన్ని ఊళ్ళవాళ్ళు గోకవరం వైపు దిగారు. దేవీపట్నం రంపచోడవరం నియోజకవర్గంలోది, ఎస్టీ రిజర్వుడు. గోకవరం జగ్గంపేట నియోజకవర్గంలోది, జనరల్. ఓటు ఎక్కడంటే చట్టం చెప్పేది ఒకటే, మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడ. కాబట్టి ఇల్లు కాలనీకి మారితే పేరు కూడా ఈ జాబితానుంచి ఆ జాబితాకు మారాలి. తెగల జనాభా శాతం ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఎస్టీ స్థానాలు పెట్టాలన్నది కమిషనుకు చట్టం చెప్పిన సూత్రం. ఒక కోయ కుటుంబం ఊరితో పాటు ఇల్లు, పొలం పోగొట్టుకుని కాలనీకి వస్తే, అక్కడి జనరల్ నియోజకవర్గపు లక్షల ఓట్లలో వాళ్ళ ఓటు కనపడదు. వాళ్ళు వదిలి వచ్చిన చోట తెగల శాతం ఆ మేరకు తగ్గుతుంది. నేల నీళ్ళకింద ఉంటుంది, పేర్లు చెదిరిపోతాయి, అనుబంధంలో మండలాల పేర్లు మాత్రం ఎప్పటిలా అచ్చవుతాయి.

తరువాతి కమిషను ఎప్పుడు వచ్చినా ముసాయిదాను గెజెట్లో ప్రకటించి, అభ్యంతరాలకు గడువిచ్చి, బహిరంగంగా కూర్చుని వినాలి. ఆ సభలకు నాయకులు తమ సీటు ఏమవుతుందోనని ఎలాగూ వెళతారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు, దేవీపట్నం వాళ్ళూ వెళ్ళాలి. కాలనీల్లో ఉన్న కుటుంబాలు పాత ఊరి పేరుతో సహా ఒక పట్టిక రాసుకుని వెళ్ళాలి: ఊరు, ఇళ్ళు, ఓట్లు, ఇప్పుడున్న కాలనీ, అది ఏ మండలం, ఏ నియోజకవర్గం. జనాభా లెక్కలవాళ్ళు కాలనీ గుమ్మంలోకి వచ్చిన రోజునే ఆ పట్టిక మొదలుపెట్టాలి, ఎందుకంటే కమిషను చూసేది ఆ అంకెల్నే. చింతూరు కూడలిలోనో రంపచోడవరంలోనో ఒక సభ పెట్టమని, కోయభాష తెలిసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టమని ముందే రాతపూర్వకంగా అడగాలి.